ఆ ఆజ్ఞ ఎవరిని కాపాడటానికి వచ్చింది?

మీరు రాసింది మిగతావాళ్ళకీ అర్థమవ్వాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అక్క, తాగి కొట్టే భర్తను వదిలి పిల్లాడితో పుట్టింటికి వచ్చేసింది. సంఘ పెద్దలు ‘దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు’ అన్న మాట చూపించి, తిరిగి వెళ్ళేదాకా ప్రభు బల్లకు (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) దూరంగా ఉండమన్నారు. మీ నాన్నగారు ఆ పెద్దల్లో ఒకరు. కూతురైనా సరే ఆజ్ఞ ఆజ్ఞే అంటున్నారు. మీ ప్రశ్న: యేసు ధర్మశాస్త్రాన్ని, అంటే మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలను, కొట్టేశాడా, లేదా? ప్రేమ ఒక్కటే చాలైతే ఆజ్ఞలెందుకు? ఆజ్ఞలు ఇంకా ఉన్నాయంటే, అక్కను వెనకేసుకొస్తున్న నేను పాపం చేస్తున్నట్టా?

నేను చాలా ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్నాను. బైబిలు తరగతులు చెబుతాను, ఇలాంటి పంచాయితీల్లో కూర్చున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. జవాబు కాస్త పొడవుంటుంది, ఓపిక పట్టండి.

మిగతాది చదివే ముందు ఒకటి చూసుకోండి. మీ అక్క, పిల్లాడు ఇప్పుడు అతని చేతికి అందని చోట ఉన్నారా? అతను వచ్చి గొడవ చేస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో అందరికీ తెలుసా? దెబ్బలు డాక్టరుకు చూపించి ఆ కాగితాలు జాగ్రత్త చేశారా? లేకపోతే ముందు ఆ పని చేయండి. వాక్యం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

‘విశ్వాసులు కోర్టుకెక్కకూడదు’ అని మొదటి కొరింథీ 6వ అధ్యాయం తీసేవాళ్ళు కూడా వస్తారు, సిద్ధంగా ఉండండి. అక్కడ, ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు మందలిస్తున్నది ఒకరినొకరు మోసం చేసుకుని వ్యాజ్యాలకు దిగేవాళ్ళను. వాటిని ఆయన ‘మిక్కిలి అల్పమైన సంగతులు’ అన్నాడు. ఒక మనిషి ఒంటి మీద పడే దెబ్బ అల్పమైన సంగతి కాదు. కీడు చేసేవాణ్ణి శిక్షించడానికి అధికారి దేవుని పరిచారకుడని రోమా 13లో రాసింది కూడా ఆ పౌలే. తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆయన రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు (అపొస్తలుల కార్యములు 25:11). కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్ళడం విశ్వాసం లేకపోవడం అని మీ అక్కను ఎవరూ బెదిరించకుండా చూడండి.

ఇక అసలు విషయం. ఆజ్ఞను గట్టిగా పట్టుకుంటే కనికరం తగ్గుతుందని, కనికరం చూపిస్తే ఆజ్ఞ బలహీనపడుతుందని మీరూ మీ నాన్నగారూ ఇద్దరూ అనుకుంటున్నారు. ఆయన ఒక వైపు ఎంచుకున్నారు, మీరు రెండో వైపు. ఈ లెక్క మొదట్లోనే తప్పని నా అభిప్రాయం. బైబిల్లో ఆజ్ఞను వచ్చిన చోట పెట్టి చదవండి. దాదాపు ప్రతిదాని వెనకా దాని నీడన బతకాల్సిన మనిషి ఒకరు కనిపిస్తారు. ఆ మనిషి ఎవరో తెలిస్తే, ఆజ్ఞను పాటించడమంటే ఏమిటో, దాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోవడమంటే ఏమిటో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం తీయండి. అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి అడుగు పెట్టకూడదు, బయట నిలబడాలి. ఏ వస్తువు ఇవ్వాలో లోపలున్నవాడే చూసుకుని తెచ్చి ఇస్తాడు. వాడు బీదవాడై, ఇచ్చింది కప్పుకునే బట్ట అయితే, ఆ తాకట్టు ఉంచుకుని పడుకోకూడదు. పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చేయాలి, వాడు ఆ బట్టలోనే నిద్రపోవాలి కనుక. నిర్గమకాండం 22లో ఇదే విషయం చెబుతూ దేవుడు ‘వాడు మరి ఏమి కప్పుకొని పండుకొనును?’ అని అడుగుతాడు. రాత్రి తిరిగి ఇచ్చేసే తాకట్టు ఏం తాకట్టు అని వ్యాపారం తెలిసినవాడెవడైనా నవ్వుతాడు. అప్పు ఇచ్చినవాడి హక్కు ఆ చట్టంలో ఉంది. గడప దగ్గర ఆగిపోవడం, రాత్రికి వదిలేయడం కూడా అదే చట్టంలో ఉన్నాయి. ధర్మశాస్త్రాన్ని మెత్తబరచడానికి కనికరం బయటినుంచి రానక్కర్లేదు, అది ముందే లోపల రాసి ఉంది.

విశ్రాంతి దినం ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 5లో మళ్ళీ వస్తుంది. నీవూ, నీ దాసుడూ, నీ దాసీ, నీ ఎద్దూ, నీ గాడిదా, నీ ఇంట్లో ఉన్న పరదేశీ. నీవలె వాళ్ళూ విశ్రమించాలి, ఎందుకంటే నీవూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివే. ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞ (22:8), ఎవరూ కింద పడి చనిపోకూడదని. నిన్ను పగపట్టినవాడి గాడిద బరువు కింద పడి ఉంటే చూసి వెళ్ళిపోవద్దు, సాయం చేసి విడిపించమని నిర్గమకాండం 23:5. పగవాడి మీద నీకేమనిపిస్తుందో దేవుడు అడగలేదు. ముందు ఆ గాడిద లేవాలి.

మీ అక్క విషయానికి దగ్గరగా ఉన్నదీ ఒకటుంది, ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించదు. నిర్గమకాండం 21:10-11. దాసిగా వచ్చి భార్య అయిన స్త్రీ సంగతి అది. భర్త ఇంకొకతెను తెచ్చుకుని ఈమెకు తిండి, బట్ట, సంసార ధర్మం తగ్గిస్తే, ఆమె ఏమీ చెల్లించకుండా వెళ్ళిపోవచ్చు. ఆ కాలపు సమాజంలో అందరికంటే కింద ఉన్న స్త్రీకి ధర్మశాస్త్రం తలుపు తెరిచి పెట్టింది. తిండి తగ్గించడమే బయటికి వెళ్ళడానికి సరిపోయే కారణమైతే, కొట్టడం సరిపోదా అని యూదు పండితులూ క్రైస్తవ వ్యాఖ్యాతలూ అడిగారు. అడగదగ్గ ప్రశ్నే.

ఇంకొకటి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆజ్ఞనూ కనికరాన్నీ ఎలా కలిపి నడపాలో అంత చక్కగా చూపించే చోటు నాకు ఇంకొకటి తెలియదు. సంఖ్యాకాండం 9వ అధ్యాయం. ఐగుప్తు దాస్యంనుంచి విడుదలను తలచుకునే పస్కా పండుగ వచ్చింది. కొందరు శవాన్ని ముట్టడం వల్ల అపవిత్రులై ఉన్నారు. చనిపోయినవాళ్ళను ఎవరో ఒకరు పాతిపెట్టాలి కదా, తప్పు చేసి అపవిత్రులైనవాళ్ళు కారు. వాళ్ళు మోషే దగ్గరికి వచ్చి, మమ్మల్ని ఎందుకు అడ్డగిస్తున్నారు అని అడిగారు. రూల్ రూలే, వెళ్ళండి అని మోషే అనొచ్చు. పర్లేదులే, వచ్చి కూర్చోండి అనీ అనొచ్చు. ఆయన ఆ రెండూ అనలేదు. ఆగండి, మీ విషయంలో యెహోవా ఏం చెబుతాడో తెలుసుకుంటాను అన్నాడు. జవాబు వచ్చింది: రెండో నెల పద్నాలుగో రోజున వాళ్ళు పస్కా చేసుకోవచ్చు. అదే గొర్రెపిల్ల, పొంగని రొట్టె, చేదు కూరలు, ఒక్క ఎముకా విరవకూడదు. పండుగలో ఏమీ తగ్గలేదు, వాళ్ళకు ఒక నెల గడువు దొరికిందంతే. ఆ పక్కనే ఇంకో వాక్యం: పవిత్రుడై ఉండి, ప్రయాణంలోనూ లేకుండా, పస్కాను మానేసినవాడు ప్రజల్లోనుంచి కొట్టివేయబడతాడు. చేయలేనివాడికీ, చేయనివాడికీ మధ్య తేడాను దేవుడు అంత స్పష్టంగా గీశాడు.

మీ సంఘ పెద్దల్లో ఒక్కరైనా మీ అక్క విషయంలో ‘ఆగండి, తెలుసుకుందాం’ అన్నారా? నాకు తెలిసి ఇలాంటి సమావేశాల్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఆమె తిరిగి వెళ్తుందా?’ అన్నదే. ‘అతను ఏం చేశాడు?’ అన్నది చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

యేసు దగ్గరికి వద్దాం. ‘ధర్మశాస్త్రమునైనను ప్రవక్తల వచనములనైనను కొట్టివేయ వచ్చితినని తలంచవద్దు, నెరవేర్చుటకే గాని కొట్టివేయుటకు నేను రాలేదు’ అని మత్తయి 5:17లో ఆయనే చెప్పాడు, అందులో మనం వాదించడానికి ఏమీ లేదు. ఆ వెంటనే ఆజ్ఞలను ఇంకా బిగించాడు కూడా. నరహత్య దాకా పోనక్కర్లేదు, కోపం దగ్గరే ఆగమన్నాడు. వ్యభిచారం దాకా పోనక్కర్లేదు, చూపు దగ్గరే ఆగమన్నాడు. అయితే ఆ బిగింపంతా వింటున్నవాడి మీదే పడుతుంది. నీ కన్ను, నీ చెయ్యి, నీ నోరు. పక్కవాడి కన్ను సంగతికి వచ్చేసరికి (7వ అధ్యాయంలో) ముందు నీ కంట్లో దూలం తీసుకోమన్నాడు. తన విషయంలో కఠినంగా, ఎదుటివాడి విషయంలో మెల్లగా చదవమన్నది ఆయన పద్ధతి. మనం చాలాసార్లు సరిగ్గా దీన్ని తిరగేస్తాం.

లూకా 13లో నడుము వంగిపోయిన స్త్రీ ఉంది, పద్దెనిమిదేళ్ళుగా అలాగే ఉంది. విశ్రాంతి దినాన సమాజమందిరంలో యేసు ఆమెను బాగుచేశాడు. మందిరపు అధికారికి కోపం వచ్చింది. ఆ కోపాన్ని యేసుతో ముఖాముఖి చెప్పలేక జనం మీద చూపించాడు: పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి అని. యేసు జవాబు గమనించండి. ‘విశ్రాంతి దినం ఇక లేదు’ అనలేదు. మీలో ప్రతివాడూ విశ్రాంతి దినాన తన ఎద్దునో గాడిదనో గాడి దగ్గర విప్పి నీళ్ళకు తోలుకెళ్తాడు కదా, మరి అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను ఈ కట్టునుంచి విశ్రాంతి దినాన విడిపించకూడదా అన్నాడు. బరువు దింపడానికి ఇచ్చిన రోజున బరువు దింపాడు. ఆ ఆజ్ఞకు అంతకంటే మంచి పాటింపు ఏముంటుంది?

ఇక్కడ ఒక పక్క మాట. మన ప్రసంగాల్లో పరిసయ్యులు (ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించిన యూదు వర్గం) అనగానే రాతిగుండె మనుషులని చెప్పేస్తుంటాం. అది న్యాయం కాదు. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు విశ్రాంతి దినాన్ని పక్కన పెట్టాలని యూదు బోధకులే చెప్పారు, వాళ్ళ పాత బోధల సంకలనమైన మిష్నాలో ఉంది. ప్రాణాపాయం లేని రోగిని రేపటిదాకా ఆగమనొచ్చా అన్నదే అక్కడ తగువు. పైగా మీ అక్క విషయంలో ప్రాణాపాయమే ఉంది కదా. అంటే మనం ఎత్తిచూపే ఆ బోధకుల లెక్కన కూడా ఆమె బయటికి రావడం సరైనదే.

మార్కు 7లో కొర్బాను సంగతి మీ నాన్నగారితో కలిసి ఒకసారి చదవండి. తల్లిదండ్రుల అవసరానికి ఉపయోగపడాల్సిన సొత్తును దేవునికి అర్పితం అని ప్రకటించేసి, ఇక వాళ్ళకేమీ చేయనక్కర్లేదనుకునేవాళ్ళ గురించి అది. దేవుని పేరు చెప్పి ఇంటివాళ్ళ పట్ల బాధ్యతనుంచి తప్పించుకోవడాన్ని యేసు దేవుని వాక్యాన్ని నిరర్థకం చేయడం అన్నాడు. తన ఇంటివాళ్ళను సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని మొదటి తిమోతి 5:8. సంఘ పెద్దకు కూతురు కూడా ఇంటివాళ్ళలో ఒకరే.

యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ ఈ చర్చలో ఎవరో ఒకరు తీస్తారు. బాగా పాతవైన గ్రీకు ప్రతుల్లో చాలావాటిలో ఈ భాగం లేదని చదువుకున్నవాళ్ళకు తెలుసు, సంఘం మాత్రం దీన్ని వదులుకోలేదు. మీ అక్క చేసింది వ్యభిచారం కాదు కాబట్టి ఆమెను ఆ స్త్రీ స్థానంలో నిలబెట్టడం నాకిష్టం లేదు. కానీ ఆ రాళ్ళు పట్టుకున్నవాళ్ళ ధర్మశాస్త్ర జ్ఞానం ఒకసారి చూడండి. లేవీయకాండం 20:10, ద్వితీయోపదేశకాండం 22:22 రెండూ పురుషుడూ స్త్రీ ఇద్దరూ శిక్షకు పాత్రులని చెబుతాయి. ‘పట్టబడెను’ అన్నారంటే ఇద్దరూ అక్కడే ఉన్నారు కదా. మరి ఆ మగవాడెక్కడ? ద్వితీయోపదేశకాండం 17:7 ప్రకారం మొదటి రాయి వేయాల్సింది సాక్షులు. యేసు ‘మీలో పాపము లేనివాడు మొట్టమొదట ఆమెమీద రాయి వేయవచ్చును’ అన్నప్పుడు చట్టాన్ని పక్కన పెట్టలేదు, ఆ చట్టంలో ఉన్న సాక్షి బాధ్యతనే వాళ్ళ మెడకు చుట్టాడు. సగం చట్టం తెచ్చినవాళ్ళకు మిగతా సగం చూపించాడు. తర్వాత ఆమెతో, నేనును నీకు శిక్ష విధింపను, వెళ్ళి ఇక పాపము చేయకుము. ఆ రెండు మాటల వరుస కూడా ముఖ్యమే. పాపం మానేశాక క్షమిస్తానని అనలేదు. క్షమించాను కాబట్టి పాపం లెక్కలేదనీ అనలేదు.

సగం చట్టం అన్నాను కాబట్టి మలాకీ 2:16 కూడా చెప్పేస్తాను. విడాకుల గురించి ప్రసంగం అంటే ఆ వాక్యం లేకుండా ఉండదు: భార్యను పరిత్యజించడం దేవునికి అసహ్యం అని. చాలామంది అక్కడితో ఆపేస్తారు. మన తెలుగు బైబిల్లో ఆ వాక్యం ఇంకా ఉంది. ఒకడు తన వస్త్రాలను బలాత్కారంతో నింపడం కూడా నాకు అసహ్యం అని అదే వాక్యంలో ఆయనే అంటున్నాడు. పైగా ఆ వాక్యం ఉన్న భాగం యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసిన మగవాళ్ళను ఉద్దేశించి చెప్పింది. ఆ భార్యల పక్షాన దేవుడు సాక్షిగా నిలబడ్డాడు. ఆ వాక్యం కొట్టినవాణ్ణి వదిలేసి కొట్టించుకున్నదాని మీద ఎలా పడుతుందో మీరే చెప్పండి.

‘దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు’ అన్నది మత్తయి 19. పరిసయ్యులు అక్కడ అడిగింది, ఏ కారణం చేతనైనా భార్యను వదిలేయొచ్చా అని. అంటే భార్యను వదిలించుకోవడం మగవాడి ఇష్టమా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు అది. చెప్పాపెట్టకుండా వీధిలోకి నెట్టబడే స్త్రీకి అది గోడలాంటి అండ. ఇప్పుడు ఆ గోడనే ఆమె బయటికి పోకుండా కట్టిన గోడగా మార్చేశారు. ఆజ్ఞ తన మనిషిని మరిచిపోతే జరిగేది ఇదే.

ఇంత చెప్పాక, ‘అయితే పెళ్ళి అంటే ఏమీ లేదా, నచ్చకపోతే వెళ్ళిపోవచ్చా’ అని మీ నాన్నగారు అడుగుతారు. అడగాలి కూడా. లేదు, యేసు మాట బరువైనదే, దాన్ని నేను తేలిక చేయను. మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా అన్న దగ్గర క్రైస్తవ సంఘాలు నిజంగానే విడిపోయాయి. కతోలిక సంఘం వివాహబంధం తెగదంటుంది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మనుషుల బలహీనతను బట్టి రెండో వివాహాన్ని పశ్చాత్తాపపు ప్రార్థనలతో అనుమతిస్తాయి. ప్రొటెస్టంట్లు రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం వ్యభిచారం, కావాలని విడిచిపెట్టిపోవడం ఈ రెండింటినీ విడాకులకు కారణాలుగా ఒప్పుకుంది. ఇప్పుడు మీ అక్క ముందున్న ప్రశ్న మాత్రం ఇది కాదు. దెబ్బలు పడే ఇంట్లో ఉండాలా, బయట ఉండాలా అన్నదే. విడాకుల విషయంలో అంత గట్టిగా ఉండే కతోలిక సంఘం కూడా, భాగస్వామి వల్ల శరీరానికో మనసుకో పిల్లలకో తీవ్ర అపాయం ఉంటే వేరుగా ఉండటానికి అది న్యాయమైన కారణమని 1983 నాటి తన ధర్మసూత్రాల్లో, 1153వ సూత్రంలో రాసుకుంది. పౌలు సైతం మొదటి కొరింథీ 7లో భార్య భర్తను ఎడబాయకూడదని చెబుతూనే, ఒకవేళ ఎడబాస్తే పెళ్ళి చేసుకోకుండా ఉండాలి, లేదా సమాధానపడాలి అన్నాడు. ఎడబాసిన స్త్రీని బల్లకు దూరం చేయమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

బల్లకు ఎవరిని దూరంగా ఉంచాలో పౌలు నిజంగానే ఒక పట్టీ ఇచ్చాడు, రెండు అధ్యాయాల ముందు, 5:11లో. జారుడు, లోభి, విగ్రహారాధకుడు, తిట్టుబోతు, త్రాగుబోతు, దోచుకొనువాడు, ఇలాంటివాళ్ళతో భోజనం కూడా చేయొద్దన్నాడు. ఆ పట్టీలో తన్నులు తిన్న స్త్రీ లేదు. తిట్టుబోతు ఉన్నాడు, తాగుబోతు ఉన్నాడు. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపేవాడు, ‘కొట్టువాడు’ కాకూడదని మొదటి తిమోతి 3:3. మీరు చెప్పలేదు గానీ, నా అనుమానం ఇది: మీ బావగారు ఏదో ఒక సంఘంలో ఇప్పటికీ మామూలుగా బల్లలో పాలుపంచుకుంటూనే ఉండి ఉంటారు. నిజమేనా? అయితే పెద్దలకు వేయాల్సిన మొదటి ప్రశ్న అదే. మర్యాదగా వేయండి, కానీ వేయండి.

ప్రేమ ఒక్కటే చాలదా, ఆజ్ఞలెందుకు అన్న మీ రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. రోమా 13లో పౌలు, ప్రేమ కలిగి ఉండటమే ధర్మశాస్త్రాన్ని నెరవేర్చడం అంటాడు. అలా అంటూనే వ్యభిచరించవద్దు, నరహత్య చేయవద్దు, దొంగిలవద్దు, ఆశించవద్దు అని వరుసగా చెబుతాడు. ప్రేమ ఏం చేయదో ఆజ్ఞలు చెబుతాయి. అవి లేకపోతే, నేను ప్రేమిస్తున్నాననే నమ్మకంతో నేను ఎవరికైనా ఏదైనా చేయగలను. కొట్టే భర్త కూడా ప్రేమిస్తున్నాననే అంటాడు, ఏడుస్తాడు కూడా. ‘ప్రేమించు, తర్వాత నీ ఇష్టమొచ్చింది చెయ్యి’ అన్న పాతకాలపు సంఘ బోధకుడు అగస్టీన్ మాటను ఇప్పుడు అందరూ వాడేస్తున్నారు. ఆ మాట వెంటే ఆయన, మౌనంగా ఉన్నా ప్రేమతో ఉండు, గొంతెత్తినా ప్రేమతో ఎత్తు, సరిదిద్దినా ప్రేమతో సరిదిద్దు, క్షమించినా ప్రేమతో క్షమించు అన్నాడు. గొంతెత్తడం, సరిదిద్దడం కూడా ఆ ఇష్టంలో భాగమే.

కనికరం పేరుతో జరిగే అన్యాయాన్నీ నేను చూశాను, అది కఠినత్వం కంటే తక్కువేమీ కాదు. ఒక నాయకుడు తప్పు చేస్తాడు. దావీదు కూడా పడ్డాడు కదా, మనమెవరం తీర్పు తీర్చడానికి అని అందరూ మౌనంగా ఉంటారు. నష్టపోయినవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక సంఘం మానేస్తారు. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించాడు. ఆ కథ పూర్తిగా చదివితే ప్రవక్త నాతాను రాజు ముఖం మీదే, ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నాడు. ఒకే ఒక్క గొర్రెపిల్ల ఉన్న పేదవాడి కథ చెప్పి, చచ్చిపోయిన ఊరియా తరఫున మాట్లాడాడు. క్షమాపణ దొరికింది, దాంతోపాటు నిజం కూడా బయటికి వచ్చింది. ఊరియాను మరిచిపోయి దావీదును క్షమించే కనికరం బైబిల్లో లేదు.

క్షమించడం, తిరిగి వెళ్ళడం ఒకటే అని మీ అక్కకు ఎవరో చెప్పి ఉంటారు. క్షమిస్తే మరి ఎందుకు వెళ్ళవు అని. దీనికి నేను ఎప్పుడూ చూపించేది మొదటి సమూయేలు 24, 26 అధ్యాయాలు. దావీదు ఇంకా రాజు కాని రోజులవి, రాజైన సౌలు అతన్ని చంపడానికి వెంటాడుతున్నాడు. గుహలో దావీదు చేతికి చిక్కాడు. దావీదు అతని వస్త్రపు చెంగు కోశాడే తప్ప చంపలేదు. సౌలు పెద్దగా ఏడ్చాడు, నీవు నాకంటె నీతిమంతుడవు అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ మూడువేల మందితో వెతకడానికి బయల్దేరాడు. ఈసారి దావీదు రాత్రిపూట అతని తల దగ్గరున్న ఈటె, నీళ్ళబుడ్డి తీసుకుని దూరంగా కొండ మీద నిలబడి పిలిచాడు. సౌలు, నేను పాపం చేశాను, నా కుమారుడా దావీదా తిరిగి రా, ఇక నీకు కీడు చేయను అన్నాడు. దావీదు ఏం చేశాడు? ఈటె తీసుకోవడానికి ఒక పనివాణ్ణి పంపమన్నాడు. తాను తీసుకెళ్ళి ఇవ్వలేదు. పగ తీర్చుకోలేదు, సౌలు గురించి చెడు మాట్లాడలేదు, అతను అభిషిక్తుడని చివరిదాకా గౌరవించాడు. కానీ ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ‘దావీదు తన మార్గమున వెళ్లిపోయెను’ అని ఉంది. తర్వాతి అధ్యాయంలో సౌలుకు అందనంత దూరం, ఫిలిష్తీయుల దేశానికి వెళ్ళాడు. అతనికి క్షమించడం చేతకాలేదని ఏ ప్రసంగీకుడూ అనడు.

మీ అక్క కూడా క్షమించవచ్చు. ఇవాళే కాకపోవచ్చు, ఆమెను తొందర పెట్టకండి. అతను నిజంగా మారాడా లేదా అన్నది ఒక సమావేశంలో కన్నీళ్ళతో తేలదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య మారినప్పుడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, లెక్క చెప్పాడు. మీ బావగారు తాగుడు మాన్పించే చికిత్సకు వెళ్తారా, చేసిందేమిటో మెత్తబరచకుండా పెద్దల ముందు ఒప్పుకుంటారా, ఆమె రాకపోయినా పిల్లాడి ఖర్చు భరిస్తారా? ఇవి కొన్నాళ్ళు చూడాలి. పెద్దలకు అతని మీద కనికరం ఉంటే, అతని ఇంటికి వెళ్ళి ఈ మాటలు చెప్పడమే ఆ కనికరం. అది కష్టమైన పని. స్త్రీని వెనక్కి పంపడం తేలిక. చాలాచోట్ల తేలికైనదాన్నే ఆజ్ఞ అంటున్నారు.

సంఘం ఈ ప్రశ్నను మొదటిసారి ఎదుర్కోవడం కాదు. 250లో డెసియస్ చక్రవర్తి హింసలో భయపడి రోమా దేవతలకు బలులు అర్పించిన విశ్వాసులు తర్వాత తిరిగి వస్తామని వచ్చినప్పుడు, రోములో నొవేషియన్ అనే నాయకుడు వాళ్ళను చేర్చుకోకూడదని పట్టుబట్టి వేరుపడ్డాడు. కార్తేజి అధ్యక్షుడు సిప్రియన్, రోము అధ్యక్షుడు కొర్నేలియస్ పశ్చాత్తాపానికి సమయం పెట్టి చేర్చుకోవాలన్నారు. 325లో సంఘాల అధ్యక్షులు కూడిన నికయ సభ కూడా పశ్చాత్తాపం నిజంగా కనబడినవాళ్ళ పట్ల ఇంకా దయగా నడుచుకునే వెసులుబాటు అధ్యక్షులకు ఇచ్చింది. మరణశయ్య మీద ఉన్నవాళ్ళకు బల్ల నిరాకరించకూడదంది. గమనించారా, అది నిజంగా తప్పు చేసినవాళ్ళ గురించి. వాళ్ళకే అంత దారి ఉన్నప్పుడు, తప్పు చేయని మీ అక్కకు ఈ శిక్ష ఏమిటి?

ఇక మీ నాన్నగారు. మీ ఉత్తరంలో ఆయన మీద కోపం కనబడింది, అర్థం చేసుకోగలను. అయినా మీరు ఆయన్ను పరిసయ్యుడు అనడం మొదలుపెడితే ఆజ్ఞను రాయిలా వాడేవాళ్ళలో మీరూ చేరతారు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ మీ వైపు తిరిగి ఉంది. నా అనుభవంలో ఇలాంటి తండ్రుల్లో కఠినత్వం కంటే భయమే ఎక్కువ. తన ఇంటిని ఏలనేరనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడన్న వాక్యం ఆయన మెడ మీద ఉంది. కూతురని తేడా చూపించాడంటారేమో అన్న టెన్షన్ ఉంది. అందుకే అందరికంటే ఎక్కువ బిగుసుకుపోతారు.

కాబట్టి ఆయన్ను వాదనలో ఓడించడానికి చూడకండి. ఒకే ఒక్కటి అడగండి: ఈ విషయంలో తీర్పు చెప్పే పెద్దల్లో మీరు కూర్చోకండి నాన్నా, తండ్రిగా ఉండండి చాలు అని. ఏ పద్ధతిగల సంఘంలోనైనా సొంత మనిషి విషయం వచ్చినప్పుడు పెద్ద పక్కకు తప్పుకోవడం మామూలే. అది ఆయనకు పరువు తక్కువ కాదు, పైగా ఆయన భుజం మీది బరువు దిగుతుంది. మిగిలిన పెద్దలను మీ అక్క మాట నేరుగా వినమనండి. ఆమెతోపాటు ఆమెకు నమ్మకమున్న ఒక స్త్రీ కూర్చోవాలి, భర్త ఆ గదిలో ఉండకూడదు. మీరు వెళ్ళాలో వద్దో ఆమెనే చెప్పనివ్వండి. అక్కడ మలాకీ వాక్యం మొత్తం చదవమనండి, మొదటి కొరింథీ 5:11 కూడా. వినకపోతే, ఆ సంఘంపైన ఎవరైనా అధికారులుంటే వాళ్ళకు కాగితం మీద రాసి పెట్టండి. పైవాళ్ళెవరూ లేని స్వతంత్ర సంఘమైతే, మీ ఊళ్ళోనే ఇంకో సంఘపు కాపరిని, ఇలాంటి కేసులు చూసినవారిని, మధ్యలో కూర్చోమని అడగవచ్చు.

ఈలోపు ఆదివారం బల్ల ఇచ్చే సమయానికి ఆమె ఒంటరిగా వెనక బెంచీలో మిగిలిపోకుండా మీలో ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చోండి. మీరు బల్ల తీసుకోవాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను. పెద్దలతో మాట్లాడాక ఏమన్నారో ఇక్కడ రాయండి, తర్వాతి అడుగు చూద్దాం.